పచ్చి ఆల్డర్ బరువు

జేబెజ్ ఆర్మరాడ్ మనుషుల్ని మొహాలతో కాదు, పాదాలతో గుర్తుపెట్టుకునేవాడు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, ఆ తర్వాత తీరిగ్గా పైకి చూసి నవ్వేవాడు. కొత్తవాళ్లు దాన్ని పొగరనుకునేవాళ్లు. ఊళ్లోవాళ్లకి తెలుసు, అది పొగరు కాదు, పరధ్యానం.

లాంకషైర్ కొండల సందున ఉన్న రామ్స్‌క్లఫ్ నూలు మిల్లుల ఊరు. తెల్లవారకముందే మూడువేల మంది ఒక్కసారిగా రాళ్ల వీధుల్లోకి దిగేవాళ్లు. అందరి కాళ్లకీ చెక్కజోళ్లే. అడుగున ఆల్డర్ అనే చెట్టు చెక్క, పైన తోలు, చెక్క కింద గుర్రానికి కొట్టినట్టు ఇనుప లాడం. ఆ చప్పుడు వీధి పై కొసన సన్నగా మొదలై, వానాకాలపు వాగులా దొర్లుకుంటూ దిగి, మిల్లు గేట్ల దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆ జోళ్లు చేసే జేబెజ్ దుప్పట్లోంచే ఆ వాగులో తన చేతి జోళ్లు ఏరుకునేవాడు. అదిగో గ్రిమ్‌షా ముసలమ్మ, కుడి లాడం వదులైంది. అదిగో సెలీనా, ఇప్పుడే తన పక్కలోంచి లేచి వెళ్లిన భార్య, వేగంగా, కోపంగా ఉన్నట్టు నడుస్తుంది గానీ కోపం కాదు. ఆమె వెనక, తాళం వేస్తున్నట్టు, నవ్వుతున్నట్టు ఇంకో జత. అది ఐరా.

ఐరా సెలీనాకి తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు, అక్కకి పదమూడు. ఆమే కడుపులో పెట్టుకుని పెంచింది. పెరిగి నేతగాడయ్యాడు, నాలుగు మగ్గాలు ఒక్కడే నడిపేవాడు. శనివారం సాయంత్రం పనైపోగానే సారాకొట్టు ముందు రాతిపలక మీద చెక్కజోళ్ల నాట్యం మొదలుపెట్టేవాడు. మగ్గం ఎలా ఆడుతుందో అలాగే ఆడేవి ఆ కాళ్లు, లాడాల కింద నిప్పురవ్వలు లేచేవి. చూసేవాళ్లకి వారమంతా పడిన చాకిరీ అదేదో పండగన్నట్టు అనిపించేది. వాడి నాట్యపు జోళ్లు జేబెజ్ స్వయంగా కొలిచి, స్వయంగా చెక్కి, ప్రతి ఏడూ క్రిస్మస్‌కి ఇచ్చేవాడు.

"బావా, ఈ జోళ్లు వేసుకుంటే నేను ఆడక్కర్లేదు, అవే ఆడతాయి," అనేవాడు ఐరా.

"అయితే నువ్వింట్లో కూర్చోరా, వాటిని పంపిద్దాం," అనేవాడు జేబెజ్.

జేబెజ్‌కి లోకంలో రెండే ఇష్టాలు, ఐరా నాట్యం, ఆల్డర్ చెక్క. వేసవిలో వాగు ఒడ్డున గుడారం వేసుకుని ఆ చెట్లు కొట్టేవాడు. కొట్టిన చోట తెల్లటి చెక్క చూస్తూండగానే ఎర్రబడుతుంది. పచ్చి మీద అది నీళ్లు తాగిన బరువు, ఎండితే ఈక. జోడు చెక్కల్ని పచ్చిగా ఉండగానే పెద్దకత్తితో నరికి, గాలి ఆడేలా గుండ్రంగా పేర్చి ఆరబెడతారు. ఆ పేర్పుల మధ్య, తడి చెక్క వాసనలో మధ్యాహ్నాలు కునుకు తీస్తే అతనికి కలలో మనుషుల్లేని పాదాలు కనిపించేవి. మంచులో మెత్తగా నడుచుకుంటూ ఎటో వెళ్లిపోయేవి. భయం వేసేది కాదు. పైగా వాటి కొలతలు తీసుకునేవాడు.

ఇక ఆ ఊరి మాట గురించి ఒక ముక్క చెప్పాలి. మగ్గాల రొదలో గొంతు పనికిరాదు, అందుకని నేతవాళ్లు పెదాలతోనే మాట్లాడుకుంటారు. శబ్దం లేకుండా, మొహమంతా కదిపి, షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి అత్తల మీద చాడీలు చెప్పుకుంటారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే, వీళ్లకి పెదవి దాటక్కర్లేదు, కదిలితే చాలు. జేబెజ్ మిల్లులో పనిచెయ్యకపోయినా అతని తల్లి నేతగత్తె. ఉగ్గుపాలతో ఆ విద్య అబ్బింది.

పంతొమ్మిదివందల పదిహేనో సంవత్సరం శీతాకాలంలో బావా బామ్మర్దులిద్దరూ ఒకే పటాలంతో ఫ్రాన్సు యుద్ధానికి బయల్దేరారు. స్టేషన్లో బ్యాండు మోత, ఏడుపులు, రైలు కూత. సెలీనా జనంలో అంత దూరాన నిలబడి, చెయ్యి ఊపకుండా, పెదాలు మాత్రం కదిపింది.

"వాణ్ణి ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురావాలి. వింటున్నావా? అలాగే."

"మాటిస్తున్నా," అన్నాయి జేబెజ్ పెదాలు.

చేతిలో చెయ్యి వెయ్యని మాట గట్టిది కాదని ఎవరైనా అంటే, ఆ ఊరివాళ్లు నవ్వుతారు.

ఫ్రాన్సులో జేబెజ్‌కి కందకంలో కాపలా పడలేదు. పనివాడని తెలిసి, వెనక ఊళ్లో సగం కూలిన ధాన్యపు కొట్టులో వడ్రంగంలో పెట్టారు. కందకాలకి బల్లలు, నిచ్చెనలు, శిలువలు చేసేవాడు. శిలువలే ఎక్కువ. కొట్టు పక్కనే చిన్న ఏరు, ఏటి పొడుగునా ఆల్డర్ చెట్లు. మొదటిసారి వాటిని చూసినప్పుడు అతను ఏడ్చినంత పని చేశాడు.

వేసవి చివర్లో సార్జెంటు టాటర్‌సాల్ కొత్త పని తెచ్చాడు. చీకట్లో కొద్దిమంది పాక్కుంటూ వెళ్లి, అవతలి కందకంలోకి దూకి, దొరికినవాణ్ణి పట్టుకుని రావాలి. తుపాకీ పేలిస్తే అందరికీ తెలిసిపోతుంది, పైగా ఆ ఇరుకులో పొడుగు తుపాకీ తిరగదు. అందుకని పొట్టి కత్తులు, పిడికిటికి తొడుక్కునే ఇనుప పిడులు, అన్నిటికంటే ఎక్కువగా దుడ్డుకర్రలు. మూరెడు కర్ర, కొసన ఇనుప పళ్ల చక్రం, మణికట్టుకి తగిలించుకోడానికి తోలుపట్టీ. వెయ్యేళ్ల నాటి ఆయుధం మళ్లీ పుట్టింది, అదీ మరఫిరంగుల కాలంలో. మనిషి తెలివి ఎక్కడికి పోతుందని ఎవరినడగాలి?

"ఇరవై కావాలి మేస్త్రీ, గురువారానికి," అన్నాడు సార్జెంటు.

గురువారం వచ్చి చూసేసరికి బల్లమీద నలభై ఉన్నాయి, రెండేసి చొప్పున దారంతో కట్టి, పిడుల మీద కుడి, ఎడమ గుర్తులతో సహా.

"ఇదేంటయ్యా?"

జేబెజ్ బల్లకేసి చూశాడు. అతనికీ అప్పుడే తెలిసింది. "జతలు చేశానండీ. నా జన్మలో ఒంటిది ఎప్పుడూ చెయ్యలేదు, చెయ్యి దానంతటదే పోయింది."

సార్జెంటు పగలబడి నవ్వాడు. "మావాళ్లు చేతులతో నడుస్తూ వెళ్తారనుకున్నావా ఏంటి? జోళ్లోడి బుద్ధి జోళ్లోడిదే! పోన్లే, ఇంకో ఇరవై మందికి పనికొస్తాయి." ఒకటి తీసి చేతిలో ఆడించాడు, నవ్వు ఆగిపోయింది. "అబ్బ. చేతికి పుట్టినట్టుందోయ్."

జేబెజ్ మురిసిపోయాడు. పనివాడు కదా, ఎవరు మెచ్చినా మురుస్తాడు. అవి దేనికో అతనికి తెలుసు, తెలిసీ ఆలోచించలేదు. పిడి నునుపు గురించీ, బరువు ఎక్కడ నిలవాలనే దాని గురించీ ఆలోచించాడు. రాత్రి కలలో పాదాలకి బదులు చేతులు రావడం మొదలుపెట్టాయి, మంచులో గాలిలో తేలుతూ, ఏదో అడుగుతున్నట్టు అరచేతులు చాపుకుని.

అక్టోబరులో ఇంకో దాడికి పదకొండు మందిని ఎంచారు. దాన్ని నడిపే లెఫ్టినెంటుకి ఎవరో చెప్పారట, ఈ నేతగాళ్లు గొంతెత్తకుండా మాట్లాడుకోగలరని. అందుకని నేతగాళ్లనే ఏరాడు. అలా ఐరా పేరు వచ్చింది.

వాడు మర్నాడు మధ్యాహ్నం కొట్టుకి వచ్చాడు. బయట సన్నటి తుంపర, ఏటిమీద పొగలాంటి మంచు. పీపా మీద కూర్చుని చాలాసేపు కాళ్లు ఊపాడు.

"బావా, నాకో కర్ర చేసిపెట్టవా?"

"చేసే ఉన్నాయిరా. నీది ఎడమచేతి వాటమని ఎడమచేతిది ఏరి పెట్టాను."

"అది కాదు. ఆ పళ్ల చక్రం వద్దు. మన ఆల్డర్‌తో చెయ్యి, మెత్తచెక్కతో. చూడ్డానికి కర్రలా ఉండాలి, అంతే."

జేబెజ్ కత్తి ఆపాడు. "ఎందుకురా?"

"వెళ్లనని అనటం లేదు, తోటివాళ్లని వదిలేసి నేనుండలేను. కానీ ఎదురుగా ఊపిరి తగిలేంత దగ్గర్లో మనిషి. వాడి తల మీద ఆ ఇనుము… నావల్ల కాదు బావా. కింద పడేస్తే చాలు కదా? చంపకుండా పడేసేది ఒకటి చెయ్యి. నీకు తెలుసుగా చెక్క సంగతి, నీకంటే ఎవరికి తెలుసు?"

"సరే, రేపు రా," అన్నాడు జేబెజ్.

ఆ సాయంత్రం ఏటి ఒడ్డున ఆల్డర్ కొమ్మ కొట్టాడు. అది ఎర్రబడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. పదిమంది ఇనుముతో వెళ్తారు, వీడొక్కడు బొమ్మకర్రతో. అవతలివాడు మెత్తచెక్క పట్టుకు వస్తాడా? సెలీనా స్టేషన్లో నిలబడి పెదాలు కదుపుతోంది. అలాగే తీసుకురావాలి, అలాగే. అతను కర్రని ముద్దుగా చెక్కాడు. బొడిపె మధ్యలో బర్మాతో తొలిచాడు. కూలిన చర్చి పైకప్పు నుంచి ఊడిపడిన సీసం గరిటెలో కరిగించి, రెండు గుప్పిళ్లంత, అందులో పోశాడు. పైన ఆల్డర్ బిరడా బిగించి, అతుకు కనబడకుండా జోళ్లకి కొట్టే ఇత్తడి మేకులు వరసగా కొట్టాడు. అంత అందమైన పని అతను ముందెప్పుడూ చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు.

ఐరా అందుకుని ఎగరేసి పట్టుకున్నాడు. కనుబొమలు ముడిచాడు.

"బరువుగా ఉందేం?"

"పచ్చిచెక్కరా. అంతా నీళ్లే. ఎండితే ఈకలా ఉంటుంది."

"దెబ్బ?"

"మొట్టికాయ."

"ఎంత గట్టిగా కొట్టినా?"

"ఎంత గట్టిగా కొట్టినా," అన్నాడు జేబెజ్.

వాడి మొహం విప్పారింది. బావని కౌగిలించుకుని, బురదలో రెండు అడుగులు నాట్యం వేసి, పట్టీ మణికట్టుకి తగిలించుకుని వెళ్లిపోయాడు. మిల్లులో పుట్టి పెరిగినవాడికి పచ్చిచెక్క ఎంత తూగుతుందో ఎలా తెలుస్తుంది? జోళ్లవాడు చెప్పాడు, నమ్మాడు.

వాళ్లు వెళ్లిన రాత్రి సంగతి జేబెజ్‌కి తెలియదు. తెల్లవారుతుండగా కొట్టు వాకిట్లో నిలబడ్డాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, దారి మీద వచ్చేవాళ్లకి మోకాళ్ల పైన ఏమీ లేదు. బూట్లు మాత్రం వస్తున్నాయి, ఒక్కో జతా, మెత్తగా. కల కంటున్నానా అనుకున్నాడు. ఒకటి, రెండు, ఐదు. లెక్క తప్పింది. అప్పుడు ఒక జత వచ్చింది, నడక తెలుసు, కానీ తాళం లేదు. అయినా ఐరాయే. ఒంటిమీద గాటు కూడా లేదు. జేబెజ్ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాడు.

ఐరా లోపలికొచ్చి అదే పీపా మీద కూర్చున్నాడు. మొహానికి పూసుకున్న మసి అలాగే ఉంది. చేతిలో కర్ర లేదు, పట్టీ తెంపి ఎక్కడో విసిరేశాడు. ఎడమచేతిని ఒళ్లో, అది వేరేవాళ్లదైనట్టు పెట్టుకున్నాడు. పెదాలే కదిలాయి.

"మలుపులో ఎదురొచ్చాడు బావా. చేతిలో తుపాకీ లేదు. గిన్నె ఉంది, కాఫీ పొగలు కక్కుతోంది. అరవడానికి నోరు తెరిచాడు. అరిస్తే మేమందరం పోతాం. నా దగ్గర ఉన్నది మెత్తచెక్కేగా, ఏం కాదులే, పొద్దున తలనొప్పితో లేస్తాడు అనుకున్నా. అనుకుని, ఉన్న బలమంతా పెట్టి కొట్టా." ఒళ్లోని చేతికేసి చూశాడు. "మెత్తచెక్కతో చంపాను బావా. మెత్తచెక్కతో. బళ్లో టీచరమ్మ నా ఎడమచేతి మీద కొట్టేది, సైతాను చెయ్యిరా అని. నిజమే. ఏముంది ఇందులో?"

జేబెజ్ నోరు తెరిచాడు. చెప్పెయ్యాలి, రెండు ముక్కలు చాలు. కానీ ఆ కళ్లు ఇంకా తననే నమ్ముతున్నాయి. ఆ నమ్మకం పోవడం చూడలేక, "ఊరుకోరా, ఊరుకో. యుద్ధం కదా," అన్నాడు.

ఇక్కడ అతన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. అబద్ధం ప్రేమతో ఆడాడు, సరే. ఆ మౌనం మాత్రం ప్రేమ కాదు, పిరికితనం. దాడికి వెళ్లిన మిగతా పదిమందీ పటాలమంతా చెప్పారు, ఐరా మెత్తచెక్కతో ఒక్క దెబ్బకి పడేశాడని. వాడికి ఇనపచెయ్యి అని పేరు పెట్టారు. గుడారం ముందు నుంచి వెళ్తుంటే, "ఇనపచెయ్యీ, ఈ మేకు దిగట్లేదు, ఓ గుద్దు గుద్దవా!" అని సరదాకి పిలిచేవాళ్లు. వాడు మెల్లగా ఆ చేతిని జేబులో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. జేబెజ్ తేలు కుట్టిన దొంగలా పక్కనే నడిచేవాడు.

యుద్ధం ముగిసింది. ఇద్దరూ ఇంటికొచ్చారు. సెలీనా స్టేషన్లో తమ్ముణ్ణి తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుని, "మాట నిలబెట్టావయ్యా," అని మొగుడి భుజం మీద తల వాల్చి ఏడ్చింది.

ఐరా మళ్లీ మగ్గాల దగ్గర చేరాడు. రెండు చేతులూ కావాలి గనక అక్కడ ఎడమచెయ్యి బయటికి తీసేవాడు, గేటు దాటగానే జేబులోకి. శనివారం రాతిపలక ఖాళీగా ఉండేది. జేబెజ్ కొత్త నాట్యపు జోళ్లు చేసిస్తే, "ఎంత బాగున్నాయి బావా," అని తీసుకెళ్లి మంచం కింద పెట్టాడు. ప్రాణమున్న దేన్నీ ఆ చేత్తో తాకేవాడు కాదు. కుక్కపిల్ల వచ్చి రాసుకున్నా పక్కకి జరిగేవాడు. తెల్లవారుజామున జోళ్ల వాగు దిగుతుంటే జేబెజ్ దుప్పట్లోంచి చెవులు రిక్కించేవాడు. ఆ ఒక్క జతా అందరి జతల్లాగే వినిపించేది.

ఇరవయ్యో సంవత్సరంలో సెలీనాకి ఇన్నాళ్లకి ఆడపిల్ల పుట్టింది. ఫీబీ అని పెట్టుకున్నారు. ఊరంతా ఎత్తుకుంది పాపని, మేనమామ తప్ప.

"జలుబు చేసింది అక్కా," అనేవాడు. ఇంకోసారి, "చేతులకి నూనె ఉంది."

"ఎనిమిది నెల్లబట్టీ జలుబేనట్రా? నిన్నెత్తుకుని పెంచిన చేతులురా ఇవి. నా బిడ్డని ఒక్కసారి ఎత్తుకోలేవా?" అని సెలీనా కళ్లనీళ్లు పెట్టుకుంది. వాడు తలొంచుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనానికి కూడారు. సెలీనా పొయ్యిగది బల్ల దగ్గర అటు తిరిగి, ఆలుగడ్డలు కూరి కాల్చిన రొట్టెని ముక్కలు కోస్తోంది. కిటికీలోంచి పల్చటి ఎండ పడి గది అంతా నిద్రలో ఉన్నట్టుంది. జేబెజ్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. కళ్లు తెరిచేసరికి పాప నేలమీద పాకుతూ నిప్పుల పొయ్యి వైపు వెళ్తోంది, ఎర్రటి బొగ్గుల్ని పట్టుకోడానికి చెయ్యి చాపుతోంది. ఐరా దానికి బెత్తెడు దూరంలో ఉన్నాడు. మొహం పాలిపోయింది. వంగాడు. జేబులోంచి చెయ్యి రాలేదు. కుడిచెయ్యి కుర్చీ చేతినే బిగించి పట్టుకుంది.

జేబెజ్ ఒక్క దూకు దూకి పాపని లాక్కున్నాడు. పాప ఏడవను కూడా లేదు. సెలీనా వెనక్కి తిరగలేదు. బావా బామ్మర్దులు ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. అలాగే తీసుకొచ్చావా? అని జేబెజ్ లోపల ఎవరో అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు అతని ఎదురుగానే ఉంది, చెయ్యి జేబులో పెట్టుకుని.

అతని పెదాలు కదిలాయి, చప్పుడు లేకుండా.

"సీసం రా. ఆ కర్రలో సీసం పోశాను."

ఐరా ఆ పెదాలనే చూస్తున్నాడు.

"పచ్చిచెక్క బరువు కాదు అది. రెండు గుప్పిళ్ల సీసం. మీద బిరడా కొట్టాను. నువ్వు బొమ్మకర్రతో వెళ్తే తిరిగి రావని భయపడ్డాను. నీ చేతిలో ఏమీ లేదురా. చిన్నపిల్లాడు కొట్టినా వాడు చచ్చేవాడు. చంపింది నేను."

ఐరా పెదాలు కదిలాయి. "నాలుగేళ్లు."

"నాలుగేళ్లు."

"రోజూ నా మొహం చూస్తూ."

"అవును."

సెలీనా కత్తి పళ్లెం మీద టకటకా ఆడుతోంది. ఐరా జేబులోంచి ఎడమచెయ్యి బయటికి తీశాడు. తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరో పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు. తర్వాత ముందుకొచ్చి, జేబెజ్ చేతుల్లోంచి పాపని తీసుకున్నాడు. ఎడమచేతి మీదే కూర్చోబెట్టుకున్నాడు. పాప వాడి ముక్కు పట్టుకుని లాగింది. వాడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, కాళ్లు మాత్రం వాటికవే నెమ్మదిగా రాతినేల మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు విని జేబెజ్‌కి గుండె నిండిపోయింది. అందుకోసం తను ఏమైపోయినా ఫరవాలేదనుకున్నాడు ఆ క్షణంలో.

తాళం ఆగింది. ఐరా పాప నుదుటిమీద ముద్దు పెట్టి, తిరిగి అందించాడు. ఈసారి గొంతెత్తే మాట్లాడాడు, మామూలుగా, పరాయివాళ్లతో మాట్లాడినట్టు.

"పాపని అందుకోండి, జేబెజ్ గారూ."

ఆ మాట విని సెలీనా పళ్లెం పట్టుకుని ఇటు తిరిగింది. తమ్ముడి తడిసిన చెంపలూ, మొగుడి చేతిలో పాపా చూసి, ఇన్నాళ్ల బెంగ తీరినట్టు నవ్వేసింది.

"ఎత్తుకున్నావట్రా! ఎత్తుకున్నావా నా తల్లిని! అవునూ, బావగారికి ఇవాళ ఇంత మర్యాదేంట్రోయ్ కొత్తగా?"

ఐరా కూర్చుని కడుపునిండా తిన్నాడు. వచ్చే శనివారం రాతిపలక దగ్గరికి వస్తానని అక్కకి చెప్పాడు, వచ్చాడు, ఆ తర్వాత ముప్పై ఏళ్లు వస్తూనే ఉన్నాడు. జేబెజ్‌తో ఆ మర్యాద కూడా అన్నేళ్లూ తగ్గలేదు.